200 కొట్టని రోజు మన సంగతేంటి? సన్‌రైజర్స్ మీద ఓ మిర్చి రైతు లెక్క



ఈ పేజీలో మిర్చి రేట్లు, తామర పురుగు, కౌలు బాధలు తప్ప ఇంకోటి రాయనని మీకు తెలుసు. ఇవ్వాళ క్రికెట్ గురించి రాస్తున్నా. "తొలకరి ముందు ఈయనకి ఇదేం పని" అని తిట్టుకోకండి. చివరిదాకా చదివితే ఎందుకు రాశానో మీకే అర్థమవుద్ది.

జూన్ 3 రాత్రి ఐపీఎల్ ఫైనల్ చూశాను. పంజాబ్ గెలవాలంటే 191 కొట్టాలి. 17వ ఓవర్ వేయటానికి భువనేశ్వర్ కుమార్ వచ్చాడు. ఆ ఒక్క ఓవర్లో వధేరా పోయాడు, స్టోయినిస్ పోయాడు. ఆట అక్కడే బెంగళూరు వైపు ఒరిగింది. 6 పరుగుల తేడాతో కప్పు కొట్టారు. మా అన్న కొడుకు కోహ్లీ అభిమాని, వాడు మంచం మీద నుంచి ఎగిరి గంతేశాడు. నాకేమో వికెట్ పడగానే "మనోడే!" అని నోటిదాకా వచ్చి ఆగిపోయింది. ఎందుకంటే ఆయన ఒంటి మీద ఉన్నది మన నారింజ చొక్కా కాదు, ఎర్ర చొక్కా. 2014 నుంచి 2024 దాకా 11 ఏళ్ళు మనకి బంతులేసిన మనిషి, మనం వదిలేసిన మొదటి ఏడాదే కప్పు ఎత్తాడు. (మర్నాడు బెంగళూరులో తొక్కిసలాటలో 11 మంది పోయారని విన్నాక ఆ కప్పు సంబరం ఎవరికీ మిగల్లేదనుకోండి, అది వేరే బాధ.)

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. పొద్దున్నే లేచి, మిర్చి పెట్టుబడి రాసుకునే నోటుబుక్కులోనే మన టీమ్ లెక్క కూడా వేశాను. ఆ లెక్కే మీ ముందు పెడతన్నా.

ముందు మనం ఎవరమో గుర్తు చేసుకుందాం

ఇప్పటి పిల్లలకి సన్‌రైజర్స్ అంటే సిక్సర్ల టీమ్. హెడ్, అభిషేక్, క్లాసెన్. కానీ 2013లో ఈ టీమ్ మొదలైనప్పటి నుంచి చాలా ఏళ్ళు మనది బౌలింగ్ టీమ్. బ్యాటింగ్‌లో వార్నర్ ఒక్కడే కాడి మోసేవాడు, 2016లో ఒక్కడే 848 పరుగులు చేశాడు. కానీ మనకి పేరు తెచ్చింది బౌలింగే. ఆ ఏడాది అందరికంటే ఎక్కువ వికెట్లు తీసింది భువనేశ్వరే, 23. తర్వాత 2017లోనూ ఆయనే, 26. పర్పుల్ క్యాప్ వరసగా రెండేళ్ళు మన దగ్గరే ఉంది.

2016 ఫైనల్ చూసినోళ్ళకి గుర్తుండే ఉంటది. బెంగళూరులో, వాళ్ళ సొంత గడ్డ మీద, గేల్, కోహ్లీ దంచుతుంటే మ్యాచ్ పోయిందనుకున్నాం. 8 పరుగులతో గెలిచాం. ఇప్పటికి మనకున్న కప్పు అదొక్కటే.

2018 ఇంకా బాగా గుర్తు. ముంబై వాంఖెడేలో మనోళ్ళు 118కే ఆలౌట్ అయ్యారు. నేను టీవీ ఆపేసి గేదెలకి మేత వేయటానికి పోయాను. తిరిగొచ్చేసరికి ముంబై 87 ఆలౌట్! రెండు రోజులకే ఉప్పల్‌లో పంజాబ్ మీద 132 కొట్టి అదీ కాపాడుకున్నారు. అప్పట్లో మనం 140 కొడితే చాలు, అవతలోళ్ళు భయపడేవాళ్ళు. ఇప్పుడు మనం 190 కొట్టినా అవతలోళ్ళు నవ్వుతున్నారు. ఈ రెండింటి మధ్య ఏం జరిగిందో చూడాలి.

పోయినోళ్ళ జాబితా

సిరాజ్ మన హైదరాబాద్ పిల్లోడు, ఆటో నడిపిన తండ్రి కొడుకు. ఐపీఎల్ మొదట ఆడింది మన టీమ్‌కే, 2017లో. మర్సటేడే బెంగళూరుకి పోయాడు.

వార్నర్‌ని 2021లో సీజన్ మధ్యలో కెప్టెన్‌గా తీసేశారు, ఆనక టీమ్‌లోనే కూర్చోబెట్టారు. మనకి కప్పు తెచ్చిన కెప్టెన్, తెలుగు పాటలకి స్టెప్పులేసి ఇళ్ళల్లో ఆడపిల్లలకి కూడా తెలిసిన మనిషి, బెంచీ మీద నుంచి జెండా ఊపాడు. అదే ఏడాది నవంబర్లో ఆస్ట్రేలియా ప్రపంచకప్పు కొడితే ఆ టోర్నీ మొత్తానికి ఉత్తమ ఆటగాడు ఆయనే.

రషీద్ ఖాన్ 2022కి గుజరాత్ పోయాడు. ఆ ఏడాది కప్పు గుజరాత్‌దే.

భువనేశ్వర్ 2025కి బెంగళూరు పోయాడు. ఆ ఏడాది కప్పు బెంగళూరుదే.

ఒకసారైతే యోగం అనుకోవచ్చు. ఇన్నిసార్లు జరిగితే మన చేతిలోనే ఏదో లోపం ఉందనుకోవాలి. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదని పెద్దలు ఊరికే అనలేదు. ఇంట్లో ఉన్నంతకాలం దాని విలువ మనకి తెలీదు.

వాళ్ళు పోయాక మన గతి ఏమైంది? 2021లో 8 టీముల్లో 8వ స్థానం. 2022లో 10 టీముల్లో 8. 2023లో 10కి 10.

2024: పంట విరగపండిన ఏడాది

2023 డిసెంబర్ వేలంలో కమిన్స్‌ని 20.50 కోట్లకి కొంటే ఊరంతా నవ్వింది. మా టీ కొట్టు దగ్గర "ఒక బౌలర్‌కి ఇరవై కోట్లా, మన మండలం మొత్తం పంట రుణాలు తీరిపోతాయి" అన్నారు. అదే వేలంలో హెడ్‌ని 6.80 కోట్లకి తెచ్చారు. నిజం చెప్పాలంటే ఆ రెండూ బంగారం లాంటి బేరాలు. మంచి పని చేసినప్పుడు మంచే అనాలి.

ఆ ఏడాది ఎట్టా ఆడారో మీకు చెప్పాల్సిన పనిలేదు. ముంబై మీద 277. బెంగళూరు మీద 287. ఢిల్లీలో మొదటి 6 ఓవర్లలో వికెట్ పడకుండా 125. లక్నో ఇచ్చిన 166ని 10 ఓవర్లు కూడా కాకుండానే కొట్టి పారేశారు. నేను 40 ఏళ్ళుగా క్రికెట్ వింటున్నా, చూస్తున్నా, అలాంటిది చూళ్ళేదు.

కానీ ఆ ఏడాదే ఇంకోటి కూడా జరిగింది, అది ఎవ్వరూ గుర్తుపెట్టుకోలేదు. మే 2న ఉప్పల్‌లో రాజస్థాన్‌తో ఆట. చివరి బంతికి వాళ్ళకి 2 పరుగులు కావాలి. భువనేశ్వర్ వేశాడు, పావెల్ ఎల్బీడబ్ల్యూ. ఒక్క పరుగుతో గెలిచాం. ఆ సీజన్‌లో నటరాజన్ 19 వికెట్లు తీశాడు. సిక్సర్ల మోతలో ఈ ఇద్దరి చప్పుడు వినబడలేదు, అంతే.

ఆనక మే 26, చెన్నైలో ఫైనల్. అక్కడ పిచ్ ఉప్పల్ లాంటిది కాదు. బంతి కాస్త ఆగింది, కాస్త తిరిగింది. 113 ఆలౌట్. ఐపీఎల్ ఫైనల్స్‌లో అంత తక్కువ స్కోరు ఎవ్వరిదీ లేదు. కోల్‌కతా 10.3 ఓవర్లలో కొట్టేసి ఇంటికి పోయింది.

ఆ ఒక్క ఆటే మనకి పాఠం కావాల్సింది. "బంతి బ్యాట్ మీదికి రాని రోజు మన సంగతేంటి?" అని ఆ రాత్రే అడిగి ఉండాల్సింది.

పెట్టుబడి లెక్క

అడగలేదు. ఎట్టా చెప్తున్నానంటే, డబ్బు ఎటు పోయిందో చూస్తే మనసు ఎటు పోయిందో తెలుస్తది.

2024 అక్టోబర్ 31న ఐదుగురిని అట్టే పెట్టుకున్నారు. క్లాసెన్ 23 కోట్లు, కమిన్స్ 18, హెడ్ 14, అభిషేక్ 14, మన విశాఖ కుర్రాడు నితీశ్ కుమార్ రెడ్డి 6. మొత్తం 75 కోట్లు. ప్రతి టీమ్‌కీ ఉన్నది 120 కోట్లు. మిగిలింది 45. ఆ ఐదుగురిలో పూర్తి బౌలర్ ఎవరయ్యా అంటే కమిన్స్ ఒక్కడు.

నవంబర్లో జెడ్డాలో వేలం. ఇషాన్ కిషన్ 11.25 కోట్లు, షమీ 10 కోట్లు, హర్షల్ పటేల్ 8 కోట్లు. ఈ ముగ్గురికే 29.25. ఇక మిగిలింది 15.75 కోట్లు. దాంతో మిగతా టీమ్ అంతా కట్టాలి. ఐదెకరాల రైతు విత్తనానికీ మందులకీ మొదట్లోనే డబ్బంతా పోసేసి, కోత కూలీలకి వడ్డీకి తెచ్చినట్టుంది.

భువనేశ్వర్ రెండో రోజు వేలానికి వచ్చాడు. 10.75 కోట్లకి బెంగళూరు కొనుక్కుంది. అంటే షమీకి పెట్టిన దానికంటే 75 లక్షలే ఎక్కువ.

షమీని తక్కువ చేసి మాట్లాడటం లేదు. ఆయనా రైతు బిడ్డే. 2023 ప్రపంచకప్పులో 24 వికెట్లు తీసిన మొనగాడు. కానీ ఆ తర్వాత కాలికి ఆపరేషన్ అయింది, 2024 ఐపీఎల్ మొత్తం ఆడలేదు. వేలం నాటికి మైదానంలోకి దిగి నెల కూడా కాలేదు. మనం ఎద్దుని కొనేటప్పుడు ఏం చేస్తాం? ఎంత పేరున్న జాతి అయినా ఒకసారి నడిపించి చూస్తాం, కాడి కట్టి చూస్తాం. వీళ్ళు పేరు చూసి బయానా ఇచ్చేశారు. ఆయన 9 ఆటల్లో 6 వికెట్లు తీశాడు. పంజాబ్ మీద 4 ఓవర్లలో 75 ఇచ్చాడు.

అదే సీజన్‌లో భువనేశ్వర్ 35 ఏళ్ళ వయసులో 17 వికెట్లు తీశాడు.

నటరాజన్ విషయంలో మాత్రం నేను మన యాజమాన్యాన్ని తప్పు పట్టను. ఆయన్నీ 10.75 కోట్లకి ఢిల్లీ కొన్నది గానీ ఎక్కువ భాగం బెంచీ మీదే కూర్చోబెట్టింది. అన్నీ ఒకే గాటన కట్టి తిట్టకూడదు కదా.

ఇక్కడ నా సంగతి చెప్పాలి

ఇన్ని మాటలంటున్నా గానీ, వాళ్ళు జెడ్డాలో చేసింది నేను మా ఊళ్ళో అంతకు నాలుగు నెలల ముందే చేశాను.

నాకు మూడెకరాలు సొంతం, రెండెకరాలు కౌలు. ఎప్పుడూ రెండెకరాలు మిర్చి, రెండెకరాలు పత్తి, అందులోనే కంది సాళ్ళు, మిగతాది గేదెలకి జొన్న. మా నాన్న నేర్పిన లెక్క అది. ఒకటి పోతే ఒకటి నిలబెడుతుంది. 2023లో నా తేజ కాయ క్వింటా 21 వేలకి పోయింది. మర్సటేడు కూడా మరీ తీసిపోలేదు. దాంతో కళ్ళు నెత్తికెక్కాయి. 2024 తొలకరికి మా ఇంటావిడ "ఓ ఎకరం అన్నా కంది వేయండి, ఇంట్లోకి పప్పు ఉంటది" అన్నది. "పప్పు కొనుక్కుందాం లేవే, ఈ ఏడు ఐదెకరాలూ మిర్చే" అన్నాను.

కాయ బానే పండింది. ఎకరాకి 17 క్వింటాళ్ళు, మొత్తం 85. పెట్టుబడి ఎకరాకి 2 లక్షల చొప్పున 10 లక్షలు. యార్డులో టిక్కీలు దించితే క్వింటా 10,400. చేతికి వచ్చింది 8,84,000. కౌలు 80 వేలు పైన. దగ్గర దగ్గర 2 లక్షలు చేతి నుంచి పడ్డాయి. ఇంట్లోకి కందిపప్పు కిలోల లెక్కన కొట్లో కొనుక్కుంటున్నాం. మా ఆవిడ ఏమీ అన్లేదు. అదే ఎక్కువ బాధ.

నేను చేసిన తప్పు మిర్చి వేయటం కాదు. మిర్చి ఒక్కటే వేయటం. సన్‌రైజర్స్ చేసిన తప్పు కూడా అదే. అందుకే ఈ సీజన్ చూస్తుంటే నా పొలం చూస్తున్నట్టే ఉంది.

2025: ఆటాటకి ఏమైంది

మార్చి 23. మొదటి ఆటే రాజస్థాన్ మీద 286. ఇషాన్ కిషన్ 47 బంతుల్లో 106. ఆర్చర్ అంతటోడు 4 ఓవర్లలో 76 ఇచ్చాడు. ఇక ఆ రాత్రి నుంచి అందరి నోటా ఒకటే మాట, "300 ఎప్పుడు?" నేల విడిచి సాము చేయటం అంటే ఇదే. గెలవటం గురించి మాట్లాడాల్సిన టీమ్ 300 గురించి మాట్లాడింది.

తర్వాత వరసగా నాలుగు ఓటములు. లక్నో మీద 190 కొడితే వాళ్ళు 16.1 ఓవర్లలో కొట్టేశారు. విశాఖలో ఢిల్లీ మీద 163, స్టార్క్ ఒక్కడే 5 వికెట్లు తీశాడు. అనికేత్ వర్మ అనే 30 లక్షల కుర్రాడు 74 కొట్టబట్టి ఆ మాత్రమన్నా వచ్చింది. కోల్‌కతాలో 120 ఆలౌట్, 80 పరుగుల ఓటమి. ఉప్పల్‌లో గుజరాత్ మీద 152. ఆ రోజు మనల్ని ముంచింది ఎవరో తెలుసుగా? మన సిరాజే. 17 పరుగులిచ్చి 4 వికెట్లు.

ఏప్రిల్ 12న పంజాబ్ 245 కొట్టింది. అభిషేక్ 55 బంతుల్లో 141 కొట్టి 18.3 ఓవర్లలోనే గెలిపించాడు. ఐపీఎల్‌లో మన దేశపు ఆటగాడు ఎవ్వరూ అంత స్కోరు కొట్టలేదు. మళ్ళీ ఆశ పుట్టింది. ఆనక ముంబై చేతిలో రెండుసార్లు ఓడాం, 162 ఒకసారి, 143 ఒకసారి. ఏప్రిల్ 25న చెపాక్‌లో చెన్నైని ఓడించాం, అక్కడ చెన్నై మీద మనకి అదే మొదటి గెలుపు. అహ్మదాబాద్‌లో గుజరాత్ చేతిలో ఓటమి. మే 5న ఉప్పల్‌లో ఢిల్లీని 133కి ఆపాం, ఈసారి బౌలర్లు దున్నేశారు అనుకునేసరికి వాన. ఆటా పోయింది, ప్లేఆఫూ పోయింది.

పోయాక మూడు ఆటలు వరసగా గెలిచారు. చివర్లో కోల్‌కతా మీద 278, క్లాసెన్ 37 బంతుల్లో సెంచరీ. రేటు పడిపోయాక యార్డుకి మంచి కాయ తెచ్చినట్టు. మొత్తం 14 ఆటల్లో 6 గెలుపులు, 7 ఓటములు, ఒకటి వాన. 13 పాయింట్లు, 6వ స్థానం.

ఇప్పుడు నోటుబుక్కులో వేసిన లెక్క చూడండి. మనోళ్ళు 200 దాటిన ఆటలు 5. ఐదూ గెలిచాం. 286, 247, 206, 231, 278. వాన ఆట తీసేస్తే 200 దాటని ఆటలు 8. వాటిలో గెలిచింది ఒక్కటి. చెపాక్‌లో. అదెట్టా గెలిచాం? హర్షల్ 4 వికెట్లు తీసి చెన్నైని 154కి కట్టేస్తే గెలిచాం.

అంటే బాదిన రోజు మనమే రాజులం. బాదలేని రోజు మనకి రెండో దారి లేదు. నా ఐదెకరాల మిర్చి లాగే.

ఉప్పల్ సంగతి కూడా అంతే. 2024లో సొంత గడ్డ మీద 5 గెలిచి ఒక్కటే ఓడాం. 2025లో అక్కడ గెలిచింది 2, ఓడింది 3. ఎప్పుడూ ఒకే రకంగా ఉండే పిచ్ ఎక్కడుంటది? నేల మారుద్ది, వాతావరణం మారుద్ది, అవతలోడు కూడా మన ఆట చూసి నేర్చుకుంటాడు. పురుగు కూడా ఒకే మందుకి రెండో ఏడాది అలవాటు పడుద్ది కదా!

"బాదటం మానుకోండి" అనేవాళ్ళకి నా జవాబు

మా టీ కొట్టు దగ్గర సగం మంది "హెడ్, అభిషేక్ గుడ్డిగా ఊపుతున్నారు, నెమ్మదిగా ఆడమనాలి" అంటున్నారు. నేను ఒప్పుకోను. వాళ్ళ బలమే అది. పై లెక్కలోని ఐదు గెలుపులూ ఆ బాదుడు వల్లే వచ్చాయి. బాగా పండే పొలంలో పంట తీసేయమని ఎవరూ చెప్పరు. పక్కన ఇంకో పంట ఉండాలంటాం, అంతే.

నితీశ్ మీద కూడా తిట్లు ఎక్కువగా వింటున్నా. ఈ ఏడాది ఐపీఎల్‌లో 200 పరుగులు కూడా చేయలేదు, నిజమే. కానీ జనవరిలో పక్క కండరం పట్టేసి, కోలుకుని వచ్చిన కుర్రాడు. బౌలింగ్ దాదాపు వేయలేకపోయాడు. డిసెంబర్లో మెల్‌బోర్న్‌లో టెస్టు సెంచరీ కొట్టినప్పుడు ఆ తండ్రి స్టాండ్లో ఏడుస్తుంటే మనమందరం ఏడ్చాం కదా. కొడుకు ఆట కోసం ఉద్యోగం వదులుకున్న తండ్రి ఆయన. ఒక్క పంట పోయిందని పొలం అమ్ముకుంటామా? వాడిని వదిలితే రేపు వాడు కూడా సిరాజ్ లాగా వచ్చి మన మీదే దెబ్బ కొడతాడు, రాసిపెట్టుకోండి.

అట్టాగని "అందరూ తెలుగోళ్ళే ఉండాలి" అనే వాదన కూడా నాది కాదు. తిలక్ వర్మ ముంబైకి ఆడుతున్నాడు, బాధగానే ఉంటది. కానీ భువనేశ్వర్ మీరట్ మనిషి, వార్నర్ ఆస్ట్రేలియా మనిషి. వాళ్ళని మనోళ్ళు కాదని ఎవరన్నా అన్నారా? ఏ ఊరోడన్నది కాదు ముఖ్యం, నమ్ముకున్నోడిని నిలబెట్టుకున్నామా లేదా అన్నదే.

వచ్చే వేలానికి నా మాట

నా మాట వాళ్ళ దాకా పోదని తెలుసు. అయినా అభిమానికి చెప్పే హక్కు ఉంది.

ఒకటి. హెడ్, అభిషేక్, క్లాసెన్ జోలికి పోవద్దు. కమిన్స్ 16 వికెట్లు తీశాడు, హర్షల్ 16 తీశాడు. ఈ ఇద్దర్నీ కదపొద్దు.

రెండు. కొత్త బంతితో పొదుపుగా వేసే మన దేశపు బౌలర్ ఒకడు కావాలి. పేరు అక్కర్లేదు, ఒళ్ళు బాగుండాలి. శ్రీలంక కుర్రాడు ఈషాన్ మలింగని చూడండి. 1.20 కోట్లకి కొన్నారు, 7 ఆటల్లో 13 వికెట్లు తీశాడు. మొదటి నుంచీ ఆడించి ఉంటే ఆ నాలుగు ఓటముల్లో ఒకటన్నా తప్పేదేమో. ఖరీదైన విత్తనమే మొలుస్తదని లేదు.

మూడు. స్పిన్నర్. రషీద్ పోయినప్పటి నుంచి ఆ గుంట పూడలేదు. జంపా గాయపడి రెండు ఆటలకే ఇంటికి పోయాడు. రాహుల్ చాహర్‌కి 3.20 కోట్లు పెట్టి దాదాపు ఆడించనే లేదు. 40 లక్షల జీషాన్ అన్సారీ మీద మొత్తం భారం పడింది. ఆ కుర్రాడు చేతనైనంత చేశాడు, కానీ మొదటి ఏడాది కోడె దూడకి రెండు ఎద్దుల బరువు ఎత్తకూడదు.

నాలుగు. బంతి ఆగే పిచ్ మీద ఒకటీ రెండూ తీసుకుంటూ 20 ఓవర్లు నిలబెట్టే బ్యాటర్ ఒకడు మధ్యలో ఉండాలి. 2018లో విలియమ్సన్ అట్టా ఆడే 735 పరుగులు చేసి ఫైనల్‌కి తీసుకుపోయాడు. వాడు సిక్సర్లు కొట్టకపోయినా పర్లేదు. కొట్టేవాళ్ళు ముగ్గురున్నారు.

ఈ నాలుగూ చేస్తే 300 రాకపోవచ్చు. 150 కొట్టిన రోజు కూడా గెలుస్తాం. కప్పు కొట్టాలంటే అలాంటి రోజులు రెండు మూడన్నా దాటాలి. బెంగళూరు ఫైనల్లో కొట్టింది 190. గెలిపించింది బౌలర్లు. అందులో ఒకడు మనం పంపించేసినోడు.

చివరి మాట

మొన్న మా ఊళ్ళో మొదటి వాన పడింది. నేల పదునైంది. ఈసారి రెండెకరాలే మిర్చి. ఎకరంన్నర పత్తి, అందులో కంది సాళ్ళు. ఎకరం పచ్చి కంది, ఆ ఎకరం మా ఇంటావిడ చెప్పింది. అరెకరం జొన్న. మిర్చి రేటు మళ్ళీ 20 వేలు అయితే "అయ్యో, ఐదెకరాలూ వేసుంటే" అని ఏడుస్తానేమో. ఏడిస్తే ఏడుస్తా. ఇంట్లో పప్పు ఉంటది.

సన్‌రైజర్స్‌ని మాత్రం వదల్ను. 2023లో అట్టడుగున ఉన్నప్పుడే వదల్లేదు, ఇప్పుడెందుకు వదులుతా. వచ్చే మార్చికి మళ్ళీ నారింజ చొక్కా వేసుకుని కల్లం దగ్గర ఫోన్లో ఆట పెట్టుకుని కాయలకి కాపలా కూర్చుంటా. కాకపోతే ఈసారి స్కోరు 286 అని చూసి గంతులేయను. అవతలోళ్ళు బ్యాటింగ్‌కి దిగినప్పుడు కొత్త బంతి ఎవరి చేతిలో ఉందో చూస్తా.

మీరేమంటారు? షమీని ఉంచాలా, పంపాలా? భువనేశ్వర్ విషయంలో నా లెక్క తప్పయితే చెప్పండి, దిద్దుకుంటా. అట్టాగే ఈ ఏడు మీరు ఎన్నెకరాలు మిర్చి వేస్తున్నారో కూడా రాయండి. అందరం కలిసి ఒక్కదాని మీదే పడితే రేటు ఏమవుద్దో మనకి ఈ ఏడాది తెలిసొచ్చింది.

ఉంటాను. ఎరువుల కొట్టుకి పోవాలి.